ఎంఎస్ ముదిరిన ఇంట్లో నర్సు ఎవరు?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు ముదిరి మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో రాత్రి రెండు గంటలకోసారి ఎవరో ఒకరు లేస్తారు. పక్క మార్చి పడుకోబెట్టకపోతే నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి. మూత్రం పైపు మడతపడిందేమో చూడాలి. నీళ్లు తాగించేటప్పుడు పొలమారకుండా జాగ్రత్తపడాలి. వరంగల్, పరకాల, జనగామ ఎక్కడైనా ఈ పని చేసేది ఎక్కువగా తల్లో, భార్యో. వాళ్లకు ఇది నేర్పినవాళ్లు ఎవరూ లేరు.

1868లో పారిస్ డాక్టర్ షార్కో ఈ జబ్బును విడిగా గుర్తించి వివరించాడు. నరాల మీద ఉండే మైలిన్ అనే రక్షణ పొర ఇందులో దెబ్బతింటుంది. చూపు, నడక, మూత్రం మీద అదుపు, మింగడం, జ్ఞాపకం, ఏదైనా పోవచ్చు. ఆ తర్వాత వందేళ్లు దాటినా జబ్బు దారి మార్చే మందు రాలేదు. 1980ల్లో ఎంఆర్ఐ రావడంతో గుర్తించడం తేలికైంది. 1993లో అమెరికాలో అలాంటి మొదటి మందు ఇంటర్‌ఫెరాన్ బీటాకు అనుమతి దొరికింది. మన దేశంలో ఇది చాలా అరుదని అనుకునేవారు. స్కానింగులు, న్యూరాలజిస్టులు పెరిగాక కేసులు బయటపడ్డాయి. అంతకుముందు ఎంతమందికి 'నరాల బలహీనత' అని చెప్పి బలం మాత్రలిచ్చి పంపారో!

ఎంఎస్ కోసమే పనిచేసే నర్సులు బ్రిటన్‌లో 1990ల మొదట్లో వచ్చారు. 2002లో అక్కడి ప్రభుత్వం ఖరీదైన మందులు ఇవ్వడానికి కంపెనీలతో ఒప్పందం చేసుకున్నాక ఆ పోస్టులు బాగా పెరిగాయి. కానీ నర్సు సమయమంతా మందు వాడేవాళ్లకే పోయింది. మందు దశ దాటి మంచాన పడ్డవాళ్లు వెనకబడ్డారు. అందుకే అక్కడి ఎంఎస్ ట్రస్ట్ ముదిరిన దశ వాళ్ల కోసం విడిగా 'అడ్వాన్స్‌డ్ ఎంఎస్ చాంపియన్లు' అనే నిపుణులను పెట్టించింది. నర్సులున్న దేశంలోనే ఇలా జరిగిందంటే, ఆ పోస్టే లేని మన సంగతి చెప్పక్కర్లేదు.

మన దగ్గర 1985లో మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా మొదలైంది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, ఎంఎస్ లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచి ఎంఎస్‌ను చేర్చింది. ఆ తర్వాతే సదరం సర్టిఫికెట్‌కు ఈ జబ్బు పేరుతో దారి దొరికింది. తెలంగాణలో వికలాంగుల పింఛన్ 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. అదే 2016 చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైన వారికి సంరక్షకుల భత్యం మాట కూడా ఉంది. నా ఉద్దేశంలో ఈ చట్టంలో అన్నిటికన్నా తక్కువ మంది చదివిన మాట అదే.

ఇక ఎండలు. ఒళ్లు అలిసేలా శ్రమపడితే ఎంఎస్ ఉన్నవాళ్ల చూపు కాసేపు మందగిస్తుందని 1890లోనే ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ రాశాడు. ఒంటి వేడి పెరగడమే దానికి కారణమని తర్వాత తేలింది. మే నెలలో వరంగల్‌లో మధ్యాహ్నానికి చేయి కూడా లేవకపోతే ఇంట్లోవాళ్లకు టెన్షన్. కొత్తగా జబ్బు తిరగబెట్టిందా, వేడి వల్లా, జ్వరమా, మూత్రంలో ఇన్‌ఫెక్షనా? ఆ తేడా పట్టేది ఈ జబ్బు తెలిసిన నర్సు. కాళ్లు బిగుసుకుపోకుండా వాడే బ్యాక్లోఫెన్ మాత్ర అయిపోయిందని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చని చెప్పేదీ ఆమే. ఈ మాట కోసం పక్క మార్చుకోలేని మనిషిని కారులో పడుకోబెట్టి నూట నలభై కిలోమీటర్లకు పైగా హైదరాబాద్ తీసుకెళ్లడం ఎంత కష్టమో, తీసుకెళ్లినవాళ్లకే తెలుసు.

తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే) సెంటర్లు వచ్చాయి, వాటి నర్సులు బండిలో ఇళ్లకు వెళ్తారు. ఆ పద్ధతి ప్రధానంగా క్యాన్సర్ నొప్పిని చూసి రూపొందింది. ఎంఎస్ నెలల్లో కాదు, పదేళ్లు, ఇరవై ఏళ్లు సాగుతుంది. అన్నేళ్లూ చూసుకునే భార్యకు నడుము పడిపోతుంది, నిద్ర ఉండదు. న్యూరో నర్సింగ్‌లో ఏడాది డిప్లొమా మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. ఆ చదువు చదివిన ఒక సిస్టర్‌ను ఆ బండిలోనే పంపితే, నెలకోసారి పుండ్లు, పైపు, మింగడం చూసి, పక్కనున్న మనిషిని "నువ్వెట్లున్నవ్ అక్కా?" అని అడిగే వీలుంటుంది.