ఆపరేషన్ ధర ఎక్కడ తేలుతుంది?

పిల్లలూ,

పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉంటే ఆ భాగాన్ని కోసేసి, మిగిలిన రెండు కొసలనూ కలుపుతారు. అమెరికాలో ఏ ఆసుపత్రికి వెళ్లినా పని దాదాపు ఇదే. ధర మాత్రం ఆసుపత్రికో రకంగా ఉంటుంది. ఒకే ఆసుపత్రిలో, అదే సర్జన్ చేసినా, రోగికి ఏ బీమా ఉందన్నదాన్ని బట్టి మళ్లీ మారుతుంది.

65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంది. ప్రభుత్వం నేరుగా చెల్లించే చోట దాని రేట్లు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, బేరం ఉండదు. మిగతావాళ్లలో సగానికి పైగా ప్రైవేటు బీమా మీద ఆధారపడ్డవాళ్లే. అక్కడ ఒక్కో బీమా కంపెనీ ఒక్కో ఆసుపత్రితో కూర్చుని రేటు మాట్లాడుకుంటుంది. "మీరు తగ్గకపోతే మావాళ్లను పక్క ఆసుపత్రికి పంపుతాం" అన్నదే బీమా కంపెనీకి ఉన్న బలం. పక్క ఆసుపత్రి లేకపోయినా, దాన్నీ ఈ ఆసుపత్రివాళ్లే కొనేసినా, ఆ మాట చెల్లదు. ఆర్థికవేత్త జాక్ కూపర్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పోటీయే లేని ఆసుపత్రుల ధరలు నాలుగు లేదా అంతకు మించి పోటీ ఆసుపత్రులున్న చోటికంటే 12 శాతం ఎక్కువ. ఇది క్యాన్సర్ ఆపరేషన్లకు మాత్రమే చెప్పిన లెక్క కాదు.

పోటీ ఎంత ఉందో కొలిచే లెక్క ఒకటుంది, మీరే చేసి చూడొచ్చు. ఒక ప్రాంతపు రోగుల్లో ఒక్కో ఆసుపత్రికి ఉన్న వాటా శాతాన్ని వర్గం చేసి, అన్నిటినీ కూడాలి. సమానమైన నాలుగు ఆసుపత్రులుంటే 25 వర్గం 625, నాలుగూ కలిపి 2,500. వాటిలో రెండు విలీనమైతే 50 వర్గం 2,500, మిగిలిన రెండిటివీ 1,250, మొత్తం 3,750. ఒక్కటే మిగిలితే 10,000. 1,800 దాటితేనే పోటీ బాగా తగ్గినట్టని అమెరికా ప్రభుత్వ 2023 మార్గదర్శకాలు అంటున్నాయి. అంటే నాలుగు సమాన ఆసుపత్రులున్నా ఆ గీత దాటినట్టే!

అయితే క్యాన్సర్ దగ్గరకొచ్చేసరికి చిక్కొకటి ఉంది. క్లోమగ్రంథి (ప్యాంక్రియాస్) ఆపరేషన్ చాలా కష్టమైనది. సర్జన్ జాన్ బర్క్‌మైయర్ బృందం మెడికేర్ రోగుల వివరాలు పరిశీలించి 2002లో ప్రచురించింది. ఆ ఆపరేషన్ చాలా అరుదుగా చేసే ఆసుపత్రుల్లో నూటికి 16 మంది చనిపోతే, బాగా ఎక్కువగా చేసేచోట 4 మందే చనిపోయారు. చేయి తిరిగినచోటికే రోగులు వెళ్లడం మంచిదన్నమాట. కానీ అందరూ అక్కడికే వెళ్లాల్సి వస్తే ఆ ఆసుపత్రి అడిగిందే ధర అవుతుంది.

నైపుణ్యం ఒకచోట చేరడం వేరు, యాజమాన్యం ఒకరి చేతిలో చేరడం వేరు అని నేను గట్టిగా నమ్ముతాను. పది ఆసుపత్రులు ఒకే సంస్థ కిందికి వచ్చినంత మాత్రాన కష్టమైన కేసులన్నీ ఒకే సర్జన్ దగ్గరికి చేరవు. అవి ఎక్కడివక్కడే ఉంటూ, బేరానికి మాత్రం ఒక్కటవుతాయి. పోటీకి వీల్లేని చోట ధరకు వేరే కట్టడి కావాలి. మేరీల్యాండ్ రాష్ట్రం 1970ల నుంచీ ఆసుపత్రుల రేట్లను తానే నిర్ణయిస్తోంది. బీమా కంపెనీని బట్టి రేటు మారే పద్ధతి అక్కడ లేదు.

"రోగే ధరలు చూసుకుని వెళ్లొచ్చుగా" అనే పెద్దలున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. గడ్డ ఉందని విన్న మనిషికి భయం, డాక్టరు చెప్పిన తేదీ తప్ప మరేమీ కనిపించవు. ఆ మనిషి మీద ఈ భారం కూడా వేయడం అన్యాయం.

2021 జనవరి 1 నుంచి అమెరికా ఆసుపత్రులు తాము బీమా కంపెనీలతో ఒప్పుకున్న ధరలను ఇంటర్నెట్‌లో పెట్టాలన్న నిబంధన ఉంది. మీరు ఒక ఫైలు తెరిచి, పెద్దపేగు ఆపరేషన్ వరుస వెతకండి. ఆసుపత్రి వేసుకున్న పూర్తి ధర, నగదుగా కడితే ఇచ్చే తగ్గింపు ధర, ఒక్కో బీమా కంపెనీతో కుదిరిన ధర, వాటిలో కనిష్ఠం, గరిష్ఠం కనిపిస్తాయి. ఆ చివరి రెండిటికీ తేడా ఎంతో లెక్కగట్టి నాకు రాయండి. ఆ చుట్టుపక్కల ఇంకెన్ని ఆసుపత్రులున్నాయో, వాటి యజమానులెవరో కూడా కనుక్కుని రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య