ఉద్దానం నీళ్ళలో ఏముంది? ముప్పై ఏళ్ళ వెతుకులాట

డిగ్రీలో పర్యావరణ అధ్యయనం పేపరు రాసిన వాళ్ళందరికీ మినమాట తెలుసు. జపాన్ తీరంలో ఊరు, ఫ్యాక్టరీ వదిలిన పాదరసం, అది చేరిన చేపలు, వాటిని తిన్నవాళ్ళకు నరాల జబ్బు. సోంపేట, కవిటి నుంచి వచ్చి శ్రీకాకుళంలో చదువుకునే పిల్లలూ పరీక్షలో ఇదే రాస్తారు. ఆ పేపరు తప్పనిసరి కావడానికి మూలం 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం. సరిగ్గా ఆ దశకంలోనే, ఈ పిల్లల ఊళ్ళలో ఒక కొత్త కిడ్నీ జబ్బు స్థానిక డాక్టర్ల కంటబడింది.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలున్న ప్రాంతమే ఉద్దానం. షుగరు లేదు, ముందునుంచీ బీపీ లేదు, అయినా మనిషి కిడ్నీలు పాడైపోయి వస్తున్నాడు. చాలామంది పొలం పనివాళ్ళు, తోటల కూలీలు. మామూలుగా కిడ్నీ జబ్బులో కనిపించే కాళ్ళవాపు, మూత్రంలో విపరీతంగా ప్రొటీను పోవడం ఇక్కడ మొదట్లో అంతగా ఉండవు. కిడ్నీలోని సన్నని నాళాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం మెల్లగా గట్టిపడిపోతాయి. ఒంట్లో నలత అనిపించి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు రైలెక్కే నాటికే ఆలస్యమైపోతుంది.

ఆలస్యానికి రక్తపరీక్ష కూడా ఒక కారణం. ఉద్దానంలో 'క్రియాటినిన్ ఎంతొచ్చింది?' అన్నది ఇంటింటి ప్రశ్న. ఇది కండరాల్లో తయారయ్యే వ్యర్థం, కిడ్నీలు వడకట్టి బయటికి పంపుతాయి. వడపోత సగానికి పడిపోతే రక్తంలో ఇది దాదాపు రెట్టింపవుతుంది. అంటే 0.7 ఉన్న మనిషికి 1.4 వచ్చేసరికి సగం శక్తి పోయినట్టే. కానీ రిపోర్టులో అది మామూలు హద్దుకు కాస్త పైన కనిపిస్తుందంతే. 'కొంచెమే ఎక్కువుంది' అని ఊరట చెందే దశ అదే.

అనుమానం మొదట నీళ్ళ మీదికే పోయింది. తాగేది బావి నీళ్ళు, బోరు నీళ్ళు. జిల్లా అధికారుల నుంచి విశ్వవిద్యాలయాల దాకా ఎందరో వచ్చి సీసాలు నింపుకెళ్ళారు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, ఫ్లోరైడ్, ఇసుకలో ఉండే సిలికా, పురుగుమందుల అవశేషాలు, ఒక్కోసారి ఒక్కోటి నిందితుడి స్థానంలో నిలబడింది. ఒక అధ్యయనంలో ఎక్కువగా కనిపించింది మరోదానిలో మామూలుగా ఉండేది. జబ్బున్న ఊరి నీళ్ళకూ లేని ఊరి నీళ్ళకూ తేడా తేలని సందర్భాలూ ఉన్నాయి.

ఇక్కడ కాస్త ఆగి సీసా గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే గొడవలో సగం అక్కడే మొదలవుతుంది. లోహాల కోసం తీసే నీళ్ళలో అక్కడికక్కడే నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ (నీళ్ళు ఎంత ఆమ్లంగా ఉన్నాయో చెప్పే కొలత) 2 కంటే కిందికి తేవాలి. లేకపోతే లోహం కొంత సీసా గోడకు అంటుకుపోతుంది, ల్యాబుకు చేరేసరికి నీళ్ళు 'శుభ్రంగా' ఉంటాయి. సిలికాకు గాజు సీసా పనికిరాదు, గాజే సిలికా కదా, నీళ్ళలోకి దిగుతుంది. ప్లాస్టిక్‌లో పట్టాలి. ఆ సిలికానైనా మాలిబ్డేట్ అనే రసాయనం కలిపి పసుపు రంగు చూసే మామూలు పద్ధతిలో కొలిస్తే, కరిగి ఉన్నదే లెక్కకొస్తుంది. అతిసూక్ష్మ రేణువులుగా తేలుతున్నది రాదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సీసం లోహానికి లీటరుకు 0.01 మిల్లీగ్రాములని, కాడ్మియానికి 0.003 అని హద్దులున్నాయి. సిలికాకు అసలు హద్దే లేదు. కాబట్టి 'నీళ్ళు ప్రమాణాల ప్రకారం బాగానే ఉన్నాయి' అని కాగితం ఇస్తే అది అబద్ధం కాదు. అడిగిన ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. పైగా కొలిచింది ఇవాళ్టి నీళ్ళు. యాభై ఏళ్ళ మనిషి కిడ్నీలు పాడవుతూ వచ్చింది ఇరవై ఏళ్ళ క్రితం తాగిన నీళ్ళతో కావచ్చు. ఆ నీళ్ళ నమూనా ఎవరి దగ్గరుంది?

మినమాటలో ఈ చిక్కు ఇంతగా లేదు. అక్కడ ఒక ఫ్యాక్టరీ ఉంది, దాని కాలువ ఉంది. జింజు నది ఒడ్డున ఎముకలు విరిగిపోయే ఇతాయ్-ఇతాయ్ జబ్బుకూ ఎగువన గని ఉంది, అందులోంచి వచ్చిన కాడ్మియం ఉంది. అంత స్పష్టంగా ఉన్నా జపాన్ ప్రభుత్వం రెండిటి కారణాలనూ అధికారికంగా ఒప్పుకున్నది 1968లోనే. ఉద్దానంలో వేలు పెట్టి చూపడానికి పొగగొట్టం లేదు.

దీనికి దగ్గరి పోలిక వెతకాలంటే బాల్కన్ దేశాలకు వెళ్ళాలి. డాన్యూబ్ ఉపనదుల ఒడ్డున కొన్ని ఊళ్ళలోనే వచ్చే కిడ్నీ జబ్బును 1950లలో గుర్తించారు. అక్కడా ముందు నీళ్ళను, లోహాలను, బొగ్గు పొరల్లోంచి ఊరే రసాయనాలను, ధాన్యానికి పట్టే బూజును అనుమానించారు. చివరికి గోధుమ చేలలో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయని, వాటిలోని ఆమ్లమే కారణమని గట్టి రుజువు దొరికింది 2007లో. అర్ధశతాబ్దం పట్టింది, దోషి బావిలో కాదు, రొట్టెలో ఉంది. మన నాటువైద్యంలో వాడే ఈశ్వరవేరు ఆ ప్రజాతిదే. అలాగని ఉద్దానానికి దాన్ని అంటగట్టడానికి లేదు.

శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగువాలలో చెరకు కోసే కూలీలకు ఇలాంటి జబ్బే వచ్చింది. శ్రీలంక 2015లో గ్లైఫోసేట్ కలుపుమందును నిషేధించింది, తరవాత సడలించింది. రుజువు తేలకముందే శిక్ష వేస్తే వచ్చే ఇబ్బంది ఇది. మధ్య అమెరికా పరిశోధకులు మాత్రం చూపును నీళ్ళ నాణ్యత నుంచి నీళ్ళ పరిమాణం వైపు తిప్పారు. మండుటెండలో గంటల తరబడి పని, చాలినన్ని నీళ్ళు తాగకపోవడం, ఒళ్ళునొప్పులకు మాత్రలు. నా మటుకు నాకు ఈ కోణాన్ని ఉద్దానంలో ఇంకా పెద్దగా పట్టించుకోవాల్సింది అనిపిస్తుంది. ఎండకు శాంపిల్ సీసా ఉండదు, అందుకే వెనకబడిందేమో.

2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి మాట్లాడాక రాష్ట్రమంతా ఉద్దానం పేరు మోగింది. అదే ఏడాది హార్వర్డ్ నిపుణులూ వచ్చారు. 2020లో వెలువడిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ సర్వే ఇక్కడి పెద్దవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుందని తేల్చింది. కారణం మాత్రం తేల్చలేదు.

ఈలోగా జనం ఆగలేరు కదా. ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి, ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. ఆర్వో పొర లవణాలతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది. తోసేసిన నీళ్ళు, అంటే వడకట్టినవన్నీ చిక్కబడిన నీళ్ళు, కాలువలోకో ఇసుక నేలలోకో పోతాయి. ఆ నేల కిందే బావులున్నాయి. డయాలసిస్ సంగతి చూస్తే, నాలుగు గంటల ఒక్క విడతకు ఒక మనిషికి 120 లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్ళు కావాలి, అవి తయారు చేయడంలో పారబోసేది వేరే. వారానికి రెండు మూడు విడతలు. నీళ్ళ మీద అనుమానంతో మొదలైన జబ్బు నీళ్ళనే ఇంతగా అడుగుతోంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. మందులకు డబ్బిచ్చే తోటే పోయింది. ఆ తరవాత ప్రభుత్వం భూగర్భ జలాన్ని పక్కనపెట్టి వంశధార వైపు చూసింది. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులతో నీళ్ళు తెచ్చే సుజలధార పథకం దాదాపు రూ. 700 కోట్లతో మొదలై, పలాస కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. కారణం తెలియకుండానే నీటి వనరును మార్చడం తెలివైన పనే అనుకుంటాను. దోషి బావిలో ఉంటే తప్పించుకున్నట్టే, లేకపోయినా మంచినీళ్ళు దొరికినట్టే. అయితే ఆ రిజర్వాయరు కింద ఊళ్ళు మునిగాయి, ఆ నది మీద ఒడిశాతో పేచీ ఉంది. ఉద్దానం గొంతు తడి ఇప్పుడు వాటితోనూ ముడిపడింది.

నది నీళ్ళు పనిచేశాయో లేదో క్రియాటినిన్ చెప్పడానికి పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో పడుతుంది. అప్పుడు పోల్చి చూడాలంటే వాడకం తగ్గిన పాత బావుల నీళ్ళ రికార్డు కావాలి, వేసవిలో ఒకసారి, వానల తరవాత ఒకసారి, అదే బావి నుంచి, అదే పద్ధతిలో. పూడ్చేయని బావులు ఇంకా ఉన్నాయి. ప్రతి డిగ్రీ విద్యార్థీ పర్యావరణ అధ్యయనంలో ఫీల్డ్‌వర్క్ చేయాలి. ఆ మార్కులు ఇక్కడే తెచ్చుకోవచ్చు, ఒక్క షరతు మీద: సిలికాకు గాజు సీసా పట్టుకెళ్ళకూడదు.