దయాకార్యాలు ఇంట్లో నేర్పడం: అపోహలు, వాస్తవాలు

చెన్నైలో పెరంబూరు వైపు ఆదివారం తెలుగు పూజ అయ్యాక పిల్లలకు సత్యోపదేశం తరగతి తీసుకుంటాను. కతోలిక పిల్లలు అక్కడ నేర్చుకునేవాటిలో దయాకార్యాలు ఉంటాయి: శరీర అవసరాలు తీర్చేవి ఏడు, ఆధ్యాత్మికమైనవి ఏడు. వాళ్ల అమ్మానాన్నలు నన్ను ఆపి అడిగేది చాలాసార్లు ఒకటే. "టీచర్, దయాకార్యాలు పద్నాలుగూ మావాడు గడగడా చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం చెల్లెలికి గ్లాసుడు నీళ్లు కూడా అందివ్వడు. ఏం చేయమంటారు?"

పిల్లాడి తప్పేం లేదు. మనం వాటిని ఎక్కాల్లా నేర్పాం, వాడు ఎక్కాల్లాగే అప్పజెప్పాడు. ఇంకోటి కూడా ఉంది, అది కొంచెం ఇబ్బందిగానే చెబుతున్నాను. సాయం అందుకునే మనిషిని మన పిల్లల పాఠానికి బొమ్మగా వాడుకుంటున్నాం. కింద రాసిన అపోహల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

అపోహ: పద్నాలుగూ బైబిల్లో ఒకేచోట ఉన్నాయి, వరుస తప్పకుండా వస్తే చాలు

ఒకేచోట లేవు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉన్నవి ఆరు: ఆకలిగా ఉన్నవారికి అన్నం, దాహంతో ఉన్నవారికి నీళ్లు, పరదేశికి చోటు, బట్టలు లేనివారికి బట్టలు, రోగిని చూడబోవడం, చెరలో ఉన్నవారి దగ్గరికి వెళ్లడం. ఏడోది, చనిపోయినవారిని పాతిపెట్టడం, తోబీతు గ్రంథం నుంచి వచ్చింది. అది కతోలిక బైబిల్లో ఉంటుంది, బాప్టిస్టు బంధువుల బైబిల్లో ఉండదు. అందుకే సెలవులకు ఒంగోలు నుంచి వచ్చిన పెద్దమ్మ పిల్లలు "ఆరే కదా" అని వాదిస్తారు. వాదించనివ్వండి. సలహా చెప్పడం, తెలియనివారికి నేర్పడం, తప్పు చేసినవారిని సరిదిద్దడం, ఓదార్చడం, క్షమించడం, విసిగించేవారిని ఓర్చుకోవడం, బతికున్నవారి కోసమూ పోయినవారి కోసమూ ప్రార్థించడం అనే ఏడు ఆధ్యాత్మిక కార్యాలను శ్రీసభ (కతోలిక సంఘం) తర్వాతి కాలంలో కూర్చింది. 2016 సెప్టెంబరు 1న పోప్ ఫ్రాన్సిస్ సృష్టి సంరక్షణను కూడా వీటికి చేర్చుకుందామన్నారు. జాబితాయే పెరుగుతూ వస్తున్నప్పుడు వరుస తప్పితే ఏమీ కాదు. పరీక్ష పెట్టే నేనే చెబుతున్నాను.

అపోహ: దయాకార్యం అంటే దానం, డబ్బుంటేనే కుదురుతుంది

పై జాబితా మళ్లీ చూడండి. పర్సు తీయాల్సినవి మూడో నాలుగో. మిగతావాటికి కావలసింది సమయం, ఓపిక, నోరు అదుపులో పెట్టుకోవడం.

సిగ్నల్ దగ్గర కారు అద్దం దించి, పది రూపాయల నోటు పిల్లాడి చేతికిచ్చి వేయించడం మన ఊళ్లో బాగా అలవాటు. అందులో డబ్బు నాన్నది, నిర్ణయం నాన్నది, పిల్లాడిది చెయ్యి మాత్రమే. పచ్చలైటు పడగానే ఆ మనిషి ముఖం కూడా గుర్తుండదు. దానికంటే పిడికెడు బియ్యం పద్ధతి నాకు ఇష్టం. అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడిగే ముందు, ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయడం. మిజోరాం క్రైస్తవ సంఘాల్లో ఇది వందేళ్లకు పైగా నడుస్తోంది, మన ఆంధ్ర పల్లెల్లోనూ చాలామంది అమ్మమ్మలకు తెలిసిన పనే. ఆ పిడికిలి పిల్లలదై ఉండాలి. ఆరేళ్ల పిల్ల పిడికిలి చిన్నదే, డబ్బా నిండటానికి రోజులు పడుతుంది. పట్టనివ్వండి, మధ్యలో మీరు రెండు కిలోలు పోసి నింపేయకండి. నిండిన డబ్బా ఎవరికి వెళ్లాలో పిల్లల్నే అడగండి. పేరు తెలిసిన మనిషికి వెళ్తే మరీ మంచిది.

అపోహ: దాహం తీర్చడం చలివేంద్రం పెట్టేవాళ్ల పని

చెన్నైలో ఈ మాట ఎలా అనగలుగుతారో నాకు అర్థం కాదు. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోయి వీధులన్నీ ప్లాస్టిక్ బిందెలతో నిండిపోయాయి. అప్పట్లో ట్యాంకర్ వెనక పరుగెత్తిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. మనం తాగే నీళ్లలో కొంత కృష్ణమ్మ నీళ్లే. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ప్రభుత్వాలు కుదుర్చుకున్న తెలుగుగంగ ఒప్పందంతో కండలేరు నుంచి పూండికి వస్తాయి. ఆ కాలువ పాడైతే బాగు చేయించింది పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు. దాహం తీర్చడం క్రైస్తవులకే తెలిసిన విద్య అనుకునే పిల్లలకు నేను ముందు చెప్పే సంగతి ఇది.

ఇక ఇంటి గడప దగ్గరికి వద్దాం. ఇరవై లీటర్ల క్యాన్ భుజాన వేసుకుని లిఫ్ట్ లేని మూడో అంతస్తుకు ఎక్కే క్యాన్ అన్నను, "అన్నా, కాసిని నీళ్లు తాగుతారా" అని మన ఇళ్లలో ఎంతమంది అడుగుతారు? ఆయన మోసుకొచ్చేది నీళ్లే, అందుకే ఎవరికీ తోచదు. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పిల్లలకు అప్పగించండి. కొరియర్ వాళ్లకూ, ఫుడ్ డెలివరీ వాళ్లకూ కూడా. మజ్జిగైతే ఇంకా మంచిది.

గ్లాసు సంగతి కూడా చెప్పాలి. పనమ్మాయికి వేరే గ్లాసు పెట్టే ఇళ్లు క్రైస్తవుల్లోనూ ఉన్నాయి. వంటగట్టు చివర, కిటికీ పక్కన, సొట్టపడ్డ స్టీలు గ్లాసు ఒకటి ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు, పిల్లలకు మాత్రం తెలుసు. మన తాతల్లో చాలామంది ఊరి హోటల్లో ఇలాంటి గ్లాసులోనే టీ తాగినవాళ్లు. ఆ గ్లాసు అక్కడున్నంత కాలం నేను ఆదివారం చెప్పే పాఠం ఆ ఇంట్లో పనిచేయదు.

అపోహ: పుట్టినరోజు ఆశ్రమంలో చేస్తే పిల్లలకు దయ అలవడుతుంది

ఎక్కువమంది బాధపడేది ఈ మాటకే, అయినా రాస్తున్నాను. కేకు, బిర్యానీ పొట్లాలు, వరుసగా నిలబెట్టిన పిల్లలు, "హ్యాపీ బర్త్‌డే" పాట, ఫోటో. కారెక్కాక అమ్మ అంటుంది, "చూశావా, పాపం వాళ్లకెవరూ లేరు. నువ్వెంత అదృష్టవంతుడివో." పిల్లాడు నేర్చుకున్నది దయ కాదు, తాను ఎత్తులో ఉన్నానన్న సంగతి. అన్నట్టు, "ఎవరూ లేరు" అన్నది కూడా చాలాసార్లు నిజం కాదు. హోముల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. పేదరికం వల్లనో జబ్బు వల్లనో దగ్గర ఉంచుకోలేకపోయారు. ఆ మాట ఆ పిల్లల చెవిన పడితే ఎలా ఉంటుందో ఊహించండి.

ఫోటో సంగతికి చట్టమే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫోటో, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం నేరం. స్టేటస్‌లో పెట్టినా బయటపెట్టినట్టే.

వెళ్లొద్దని కాదు. హోముకు ముందుగా ఫోన్ చేసి వాళ్లకేం కావాలో అడగండి. చాలాచోట్ల కేకులు వద్దు, నోటుబుక్కులు, సబ్బులు, పరుపు కవర్లు కావాలంటారు. లెక్కలు చెప్పేవాళ్లు ఎవరైనా వారం వారం వస్తారా అని కూడా అడుగుతారు. మీ పదో తరగతి అబ్బాయి అక్కడి ఆరో తరగతి వాళ్లకు భిన్నాలు చెప్పగలడు. అది "తెలియనివారికి నేర్పడం" అనే కార్యమే. పుట్టినరోజు ఎవరిదో ఎవరికీ తెలియక్కర్లేదు.

అపోహ: పాత బట్టలు ఇచ్చేస్తే ఒక కార్యం పూర్తయినట్టే

బీరువా ఖాళీ చేయడం బీరువాకు మంచిది. అపొస్తలుల కార్యాలు 9వ అధ్యాయంలో తబితా చనిపోతే విధవరాళ్లు ఏడుస్తూ చూపించినవి ఆమె తన చేత్తో కుట్టిన అంగీలు, వస్త్రాలు. మన పిల్లలకు కుట్టడం రాకపోవచ్చు. ఉతికి, గుండీ ఊడిపోతే కుట్టించి, ఇస్త్రీ చేసి మడత పెట్టడం వస్తుంది. "నీ స్నేహితుడికి ఇదే ఇస్తావా?" అని అడగండి. ఇవ్వను అంటే ఆ చొక్కా గుడ్డపీలికలకు పనికొస్తుంది. వరదల్లో లోదుస్తులు, దుప్పట్లు, శానిటరీ ప్యాడ్లు ఎప్పుడూ తక్కువ పడతాయి, పాత చీరలు కావు.

అపోహ: రోగుల దగ్గరికి, చావు ఇంటికి పిల్లల్ని తీసుకెళ్లకూడదు

వార్డుల్లోకి చిన్నపిల్లల్ని చాలా ఆసుపత్రులు రానివ్వవు, అది సరైనదే. కానీ చెన్నైలో తెలుగు పిల్లలు మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది, దాన్ని మనం పట్టించుకోవడం లేదు.

సూళ్లూరుపేట లోకల్లోనూ, నెల్లూరు, గూడూరు వైపు నుంచి వచ్చే రైళ్లలోనూ రోజూ ఎంతమంది వైద్యం కోసం దిగుతారో చూడండి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే జీహెచ్, అంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. ఎగ్మూరులో పిల్లల ఆసుపత్రి. అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో మొదలుపెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ వరండాల్లో చాప పరుచుకున్నవాళ్లలో తెలుగువాళ్లు ఉంటారు. బోర్డులు తమిళంలో, చీటీ ఇంగ్లీషులో, వాళ్లకు వచ్చింది తెలుగు ఒక్కటే. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు రాయడం రాదని మనం ఏడుస్తుంటాం గానీ, "స్కానింగ్ ఏ బ్లాకులో, టోకెన్ ఎక్కడ, రేపు ఏం తినకుండా రావాలి" అని ఒక నెల్లూరు తాతకు చెప్పడానికి వాళ్ల తెలుగు సరిపోతుంది. పరదేశిని చేర్చుకోవడమంటే ఇల్లు రాసివ్వడం అనుకుంటారు. తెలియని ఊళ్లో తన భాష వినిపించినా మనిషికి సగం టెన్షన్ తగ్గుతుంది.

కొన్ని నియమాలు మాత్రం పెడతాను. అమ్మో నాన్నో పక్కన లేకుండా వెళ్లకూడదు. "మీకేం జబ్బు" అని అడగకూడదు. మందుల గురించి మాట్లాడకూడదు, అది నర్సును అడగమనాలి. వార్డు బయటే ఉండాలి, వచ్చాక చేతులు కడుక్కోవాలి.

చావు సంగతి వేరు. మన పిల్లలు ఫోన్లో ఎన్నో చావులు చూస్తారు గానీ పక్కింటి తాత శవపేటిక దగ్గర రెండు నిమిషాలు నిలబడనివ్వం. భయపడే పిల్లల్ని లాక్కెళ్లమనడం లేదు. వస్తామంటే రానివ్వండి. అక్కడ ఏం జరుగుతుందో ముందే చెప్పండి. వాళ్లకు పని ఇవ్వండి: కుర్చీలు వేయడం, వచ్చినవాళ్లకు నీళ్లివ్వడం. పోయినవారిని తలచుకునే నవంబరు 2న సమాధుల దగ్గర మన కుటుంబం వాళ్ల సమాధితోపాటు, ఎవరూ రాని పక్క సమాధి మీద గడ్డి కూడా పీకమనండి.

అపోహ: చెరలో ఉన్నవారిని చూడటం పిల్లలకు సంబంధం లేదు

పుళల్ జైలుకు పిల్లల్ని పంపమని ఎవరూ అనరు. కానీ తండ్రి జైల్లో ఉన్న పిల్ల మన పిల్లల క్లాసులోనే ఉండొచ్చు. టిఫిన్ టైములో ఆమె పక్కన కూర్చోవడం చాలు.

అపోహ: ఆధ్యాత్మిక కార్యాలు ఫాదర్లకూ సిస్టర్లకూ

నిజానికి పిల్లలు ఎక్కువ ఉత్సాహంగా చేసేది వీటిలో ఒకటుంది: తప్పు చేసినవారిని సరిదిద్దడం! "అమ్మా, అన్న ప్రార్థనలో కళ్లు తెరిచాడు." కళ్లు తెరిచిన సంగతి ఈవిడకెలా తెలిసిందో మరి. చిన్న వయసులో ఈ కార్యాన్ని నేను పక్కన పెడతాను. ముందు ఓదార్చడం నేర్చుకుంటే సరిదిద్దే గొంతు దానంతటదే మారుతుంది.

క్షమించడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. గొడవ జరిగిన నిమిషంలోనే "సారీ చెప్పు, కౌగిలించుకో" అని బలవంతం చేస్తే పిల్లలు నేర్చుకునేది నటన. కోపం చల్లారనివ్వండి, పగిలిన బొమ్మను అతికించే పనో, కొత్తది కొనడానికి తన డబ్బాలోంచి ఇచ్చే పనో ముందు చేయించండి. ఇంతకంటే ముఖ్యమైనది ఒకటి. "ఓర్చుకోవడం" అన్న కార్యం క్యూలో తోసుకొచ్చేవాళ్ల విషయంలో, పదే పదే ఒకే కథ చెప్పే తాతయ్య విషయంలో. కొట్టేవాళ్ల విషయంలో, ఒంటి మీద చెయ్యి వేసేవాళ్ల విషయంలో కాదు. ఆ చేసినవాడు బంధువైనా, గుడిలో పెద్దమనిషైనా సరే. ఈ మాట పిల్లలకు విడిగా, స్పష్టంగా చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా నేర్పండి. నా తరగతిలో పద్నాలుగు కార్యాల చార్టు పక్కనే ఆ నంబరు రాసి ఉంటుంది.

చార్టు అంటే గుర్తొచ్చింది. ఒక మంచి పనికి ఒక స్టారు అంటించే చార్టులు ఫ్రిజ్ మీద పెడుతున్నారు, తీసేయండి. మత్తయి 25లో నీతిమంతులు "ప్రభువా, ఎప్పుడు చేశాం?" అని అడుగుతారు. వాళ్లకు లెక్క గుర్తులేదు.

అపోహ: సాయం చేశాక సువార్త చెప్పకపోతే పని సగమే

బేసిన్ బ్రిడ్జి దగ్గర మురుగుతో నల్లగా కనిపించే బకింగ్‌హాం కాలువకు ఒక తెలుగు కథ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ సమయంలో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆగాడు. కరువు పనులు ముగిశాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చెప్పేది చెప్పాల్సిన వేళ వేరే ఉంటుందని ఆయనకు తెలుసు.

"టీచర్, జీహెచ్‌లో ఇచ్చే భోజనం పొట్లంలో వాక్యం కార్డు పెట్టాలా?" అని పిల్లలు అడుగుతారు. వద్దంటాను. అన్నం, పప్పు, ఊరగాయ విడిగా కట్టండి, నీళ్ల సీసా పెట్టండి. చెంచా మర్చిపోకండి, వరండాలో చెయ్యి కడుక్కునే చోటు దూరం.