గీజర్ వేస్తే ఫ్రిజ్ షాక్ కొట్టిన ఇల్లు: కొత్త ఇంటి వైరింగ్‌పై కొన్ని అపోహలు

గృహప్రవేశమై మూడు నెలలు కూడా కాని ఇంటి నుంచి ఫోన్. "ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, అదీ పొద్దున పూటే" అన్నారు ఆ ఇంటావిడ. ఫ్రిజ్ కంపెనీ మనిషి వచ్చి చూసి, ఏ లోపమూ లేదని వెళ్లిపోయాడట. నేను వెళ్లి ఒక్కో స్విచ్ వేసుకుంటూ చూస్తే అసలు సంగతి తెలిసింది. బాత్రూమ్‌లో గీజర్ వేస్తేనే వంటింట్లో ఫ్రిజ్ షాక్ కొడుతోంది. అప్పుడు ఇంటాయన అన్న మాటే మొదటి అపోహ.

అపోహ: ఎంసీబీలు పెట్టించాం, ఎర్తింగ్ గుంత తీయించాం. ఇక షాక్ కొట్టదు.

వాస్తవం: ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్. అది కాపాడేది వైరును, మనిషిని కాదు. ఆ గీజర్ లోపల ఫేజ్ వైరు (కరెంటు వచ్చే వైరు) తొడుగు కాలి బాడీకి తగులుతోంది. ఆ కరెంటు ఎర్త్ వైరు గుండా గుంతలోకి, అక్కడి నుంచి మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరాలి. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే గుంత నిరోధం 22 ఓమ్‌లు చూపించింది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఇంకో మూడు వేసుకుందాం. 230 వోల్టులను 25తో భాగిస్తే 9.2 ఆంపియర్లు. గీజర్‌కి ఉన్నది 20 ఆంపియర్ల ఎంసీబీ. తొమ్మిది ఆంపియర్లకు అది ఎప్పటికీ పడదు. పైగా ఆ లెక్కన ఇంటి ఎర్త్ వైరు మొత్తానికి 200 వోల్టుల దాకా ఎక్కుతుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, అన్నిటి బాడీలూ అదే వైరుకి కలిసి ఉంటాయి కదా! ఎర్తింగ్ బలహీనంగా ఉంటే ఒక గదిలోని లోపం ఇంకో గదిలో షాక్ కొడుతుంది.

దీనికి మందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికే కరెంటు కట్ చేస్తుంది. మన ఇళ్ల లాంటి ఎర్తింగ్‌కి ఇది తప్పనిసరి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనల్లోనూ లీకేజీ రక్షణ పరికరం గురించి ఉంది.

విచిత్రమేమంటే ఆ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది. డబ్బు పెట్టి కొన్నారు కూడా. కానీ రెండు వైపుల వైర్లూ కలిపేసి బైపాస్ చేశారు.

అపోహ: ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంది, అది మన కరెంటుకి సరిపడదు.

వాస్తవం: ఊరికే పడదు. నేను చూసిన వాటిలో ఎక్కువగా కనిపించే కారణం ఇన్వర్టర్. ఇన్వర్టర్ లైట్లకు ఫేజ్ వేరుగా లాగి, న్యూట్రల్ మాత్రం దగ్గర్లో ఏది దొరికితే దానికి కలిపేస్తారు. కరెంటు ఒక దారిన వెళ్లి ఇంకో దారిన వస్తే, ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీ అనే అనుకుంటుంది. పైపుల్లో వైర్లు లాగేటప్పుడే ఇన్వర్టర్‌కి విడిగా న్యూట్రల్ వేయమనండి. ప్లాస్టరింగ్, పెయింటింగ్ అయ్యాక గోడ కోయాలంటే మీకూ టెన్షన్, మాకూ టెన్షన్.

అపోహ: ఏసీ వేస్తే ఎంసీబీ పడిపోతుంటే, పెద్దది పెడితే సరి.

వాస్తవం: 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి 32 ఆంపియర్ల ఎంసీబీ బిగిస్తే, గోడలో వైరు కాలుతున్నా అది చూస్తూ కూర్చుంటుంది. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు డీబీ (ఎంసీబీలుండే పెట్టె) నుంచి నేరుగా రావాలి, మధ్యలో ఇంకే ప్లగ్గూ కలపకూడదు.

అపోహ: మంచి కంపెనీ వైరు వాడాం, భయం లేదు.

వాస్తవం: ఐఎస్ 694 (ఇలాంటి వైర్లకు ఉన్న భారత ప్రమాణం) ముద్ర చూసి కొనడం మంచిదే. దాని లైసెన్సు నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. కానీ ఎంత మంచి వైరైనా, పొడవు చాలక పైపు మధ్యలో మెలిపెట్టి టేపు చుడితే అక్కడే వేడెక్కుతుంది. జాయింటు ఉంటే జంక్షన్ బాక్సులోనే, మూత తీస్తే కనిపించేలా ఉండాలి.

అపోహ: డిపార్ట్‌మెంట్ వాళ్లు మీటరు ఇచ్చారంటే వైరింగ్ పాసైనట్టే.

వాస్తవం: మీటరు తర్వాత ఉన్న వైరింగ్ బాధ్యత ఇంటి యజమానిది. లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టాలి నిజమే, కానీ మెగ్గర్ (వైర్ల తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) బయటికి తీయకుండానే సంతకం పడిన కాగితాలు చాలా చూశాను. మీరు దగ్గరుండి 500 వోల్టుల మెగ్గర్ పెట్టించండి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. కొత్త వైరింగ్‌కి దానికి ఎన్నో రెట్లు వస్తుంది, రాకపోతే ఎక్కడో తడో, మేకో తగిలినట్టే.

అపోహ: ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే పడింది, కాబట్టి ఎర్తింగ్ బాగుంది.

వాస్తవం: ఆ బటన్‌కీ ఎర్త్ వైరుకీ సంబంధం లేదు. ఎర్త్ వైరు పూర్తిగా తెగిపోయినా బటన్ నొక్కితే పడుతుంది. గుంతను ఎర్త్ టెస్టర్‌తో విడిగా కొలవాలి. అదీ వానాకాలంలో కాదు, నేల ఎండిపోయే మే నెలలో. మట్టి ఎండితే గుంత బలహీనమవుతుంది. ఆ ఫ్రిజ్ ఇంటి గుంతలో ఎవరూ చెంబెడు నీళ్లయినా పోయలేదు, నీళ్లు పోసే గొట్టం నోటి మీద టైల్స్ వేసేశారు.