చర్చి కప్పుకు చిల్లు పెట్టించిన పండుగ

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో గోడ క్యాలెండర్ మీద మూడు లెక్కలు పక్కపక్కనే నడుస్తుంటాయి. 2026నే తీసుకుంటే ఉగాది మార్చి 19, ఈస్టర్ ఏప్రిల్ 5, ఒడియా వారి పణా సంక్రాంతి ఏప్రిల్ 14. సంక్రాంతి ఏటా ఇంచుమించు అదే తేదీకి వస్తుంది. మిగతా రెండూ ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. ఆ ప్రాంతం నుంచి ఒక పాఠకుడు రెండు ప్రశ్నలు వేశారు. క్రిస్మస్‌కు ఒక తేదీ ఉన్నప్పుడు ఈస్టర్‌కు ఎందుకు లేదు? చర్చి సైన్సును తొక్కేసిందని బడిలో చెబుతారు, సైన్సు పుట్టిందే క్రైస్తవంలోంచి అని కొన్ని సభల్లో చెబుతారు, ఏది నమ్మాలి?

మొదటి ప్రశ్నను చివరిదాకా తవ్వితే రెండోదానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

ఈస్టర్‌ను అందరూ ఒకే ఆదివారం చేసుకోవాలని 325లో క్రైస్తవ మతపెద్దల నైసియా సభ నిర్ణయించింది. తర్వాత స్థిరపడిన సూత్రం ఇది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమిని పట్టుకుని, దాని తర్వాతి ఆదివారం పండుగ చేయాలి. అంటే సూర్యుడు, చంద్రుడు, వారం మూడూ కలవాలి. చంద్రుడి లెక్కకు వాళ్లు వాడింది 19 ఏళ్ల చక్రం. 19 ఏళ్లలో 235 చాంద్రమాసాలు పడతాయి. ఏడాదికి 12 చొప్పున 228 పోగా మిగిలేవి 7. మన పంచాంగంలో 19 ఏళ్లకు ఏడు అధిక మాసాలు వచ్చేది కూడా ఈ లెక్కతోనే. తేడా అంతా ఎక్కడి నుంచి లెక్క మొదలెడతామన్న దాంట్లో ఉంది. మన పంచాంగం నిరయనం, అంటే నక్షత్రాలను బట్టి సూర్యుడు మేషంలోకి వచ్చే ఏప్రిల్ 14ను పట్టుకుంటుంది. చర్చి లెక్క సాయనం, పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి విషువత్తును పట్టుకుంటుంది. అందుకే 2026లో ఈస్టర్ చైత్ర పౌర్ణమి వెనక వస్తే, 2027లో హోళీ పౌర్ణమి వెనకే, మార్చి 28న వస్తుంది.

చిక్కంతా ఆ మార్చి 21 దగ్గరే వచ్చింది. జూలియన్ క్యాలెండర్‌లో ఏడాదికి 365.25 రోజులు. రుతువుల ఏడాది 365.2422 రోజులు. తేడా పదకొండు నిమిషాల చిల్లర, కానీ అది 128 ఏళ్లకు ఒక రోజవుతుంది. 16వ శతాబ్దానికి అసలు విషువత్తు మార్చి 11 దగ్గరికి జరిగిపోయింది. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ పది రోజులు తీసేయించాడు. అక్టోబర్ 4 గురువారం తర్వాత 15 శుక్రవారం వచ్చింది. పథకం వేసింది లిలియస్ అనే వైద్యుడు, లెక్కలతో దాన్ని సమర్థించి నిలబెట్టింది క్లావియస్ అనే జెసూట్ (ఒక కాథలిక్ సన్యాసి సంఘం) మతగురువు. బ్రిటన్, దాని వలసలు 1752లో 11 రోజులు తీసేశాయి. అప్పుడు ఇంగ్లండులో జనం తమ రోజులు తమకివ్వమని అల్లర్లు చేశారని చాలాచోట్ల రాస్తుంటారు. ఆ అల్లర్లకు ఆధారం లేదు.

తేదీ సరిచేయడం ఒక ఎత్తు, సరిగ్గానే ఉందని ఏటా చూసుకోవడం ఇంకో ఎత్తు. దానికి పెద్ద పరికరం కావాలి. ఎత్తయిన కప్పు, లోపల చీకటి, కదలని నేల, ఈ మూడూ ఉన్న కట్టడాలు ఆ కాలపు ఊళ్లలో పెద్ద చర్చిలే. కప్పుకు చిన్న చిల్లు పెడితే చాలు, సూర్యుడి బిళ్ల నేల మీద పడుతుంది.

పెంకుటిల్లున్న వాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. పెంకుల సందులోంచి మధ్యాహ్నం నేల మీద పడే ఎండ బిళ్ల గుండ్రంగా ఉంటుంది. సందు మూడు మూలలుగా ఉన్నా బిళ్ల గుండ్రమే, ఎందుకంటే అది సూర్యుడి బొమ్మ. సూదిరంధ్రపు కెమెరా పాఠంలో తలకిందుల కొవ్వొత్తి బొమ్మ గీయించి వదిలేయకుండా పిల్లల్ని ఈ బిళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. గ్రహణం రోజున తలుపులు బిగించుకుని కూర్చునే ఇళ్లలో కూడా ఆ బిళ్ల నెలవంకలా కొరుక్కుపోవడం నేల మీదే కనిపిస్తుంది. దాన్ని చూడ్డంలో ఏ ప్రమాదమూ లేదు, చిల్లులోంచి నేరుగా సూర్యుణ్ణి మాత్రం చూడకూడదు.

ఇటలీలో బొలోన్యా నగరం అప్పట్లో పోప్ పాలనలో ఉండేది. అక్కడి సాన్ పెట్రోనియో చర్చిలో డాంటీ అనే గురువు 1570ల్లో ఒక మధ్యాహ్న రేఖ గీశాడు. చర్చిని పెంచేటప్పుడు ఆ గోడ పోయి రేఖ పనికిరాకుండా పోయింది. 1655లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రం చెప్పే కస్సీని కొత్తది వేశాడు. చిల్లు నేలకు 27.07 మీటర్ల ఎత్తున, ఎత్తులో వెయ్యో వంతు వెడల్పుతో, అంటే 27 మిల్లీమీటర్లు. నేల మీద సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా, స్తంభాల మధ్య నుంచి దూరిపోయే రేఖ 66.8 మీటర్లు. ఎండ బిళ్ల రేఖను దాటే క్షణమే అక్కడి మధ్యాహ్నం. విషువత్తు రోజుల్లో బిళ్ల రేఖ వెంట రోజుకు దాదాపు 37 సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే గంటకు ఒకటిన్నర సెంటీమీటర్. పండుగకు కావలసింది ఇక్కడితో చేతికొచ్చింది.

కస్సీని ఇక్కడితో ఆగలేదు. ఈ కథలో గొప్ప ఘట్టం ఇదే.

మార్చి విషువత్తు నుంచి సెప్టెంబర్ విషువత్తుకు 186 రోజులు, అక్కడి నుంచి మళ్లీ మార్చికి 179 రోజులు. అంటే సూర్యుడు మన చలికాలంలో త్వరగా నడుస్తున్నట్టు కనిపిస్తాడు. ఎందుకు? ప్రాచీన గ్రీకు లెక్క ప్రకారం వేగం ఎప్పుడూ ఒకటే, జనవరిలో దగ్గరగా ఉంటాడు కాబట్టి వేగంగా కనిపిస్తాడు. గేటు దగ్గర నిలబడితే రైలు దూసుకుపోతుంది, అదే రైలు పొలాల అవతల పాకుతున్నట్టుంటుంది, అలాగన్నమాట. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లో వేరే మాట చెప్పాడు. ఆ తేడాలో సగమే దగ్గరితనం వల్ల, మిగతా సగం నిజమైన వేగం. దగ్గరికొచ్చినప్పుడు కదలిక నిజంగానే పెరుగుతుంది.

ఈ రెంటిలో ఏది నిజమో వేగాన్ని కొలిచి తేల్చలేం, వేగం విషయంలో రెండు లెక్కలూ ఇంచుమించు ఒకటే చెబుతాయి. దూరాన్ని కొలవాలి. దూరం మారితే బొమ్మ సైజు మారుతుంది. వేగంలో తేడా ఏడు శాతం దగ్గర ఉంటుంది. అంతా దగ్గరితనం వల్లే అయితే సూర్యబింబం కూడా అంతే, దాదాపు ఏడు శాతం పెరగాలి. కెప్లర్ మాట నిజమైతే 3.4 శాతమే పెరగాలి. ఇప్పుడు చర్చి నేల మీదికి వద్దాం. వేసవిలో బింబం 31.5 కళలు ఉంటుంది (డిగ్రీకి 60 కళలు). చలికాలంలో గ్రీకు లెక్కకు 33.7 కళలు రావాలి, కెప్లర్ లెక్కకు 32.5 చిల్లర. తేడా కళ కన్నా కాస్త ఎక్కువ. డిసెంబర్‌లో చిల్లు నుంచి బిళ్లకు దూరం 72 మీటర్లు, అంత దూరంలో ఒక కళ 21 మిల్లీమీటర్లు. అంటే తేలాల్సింది రెండు సెంటీమీటర్ల పైచిలుకు. బిళ్ల వెడల్పు 68 సెంటీమీటర్ల దగ్గర, పొడవు ఏటవాలు వల్ల సాగి 1.8 మీటర్లు.

అంచు గీత గీసినట్టు ఉండదు. చిల్లు వెడల్పు మేర మసక చుట్టూ కలుస్తుంది, దాన్ని తీసేయాలి. పొడవును నమ్మడానికి లేదు, గాలి పొరలు కిరణాన్ని వంచి బిళ్లను జరుపుతాయి. డిసెంబర్ మధ్యాహ్నం బొలోన్యాలో సూర్యుడు 22 డిగ్రీల ఎత్తునే ఉంటాడు, వంపు రెండు కళలు దాటుతుంది. కస్సీని ఆ వంపుకు కొత్త పట్టికే తయారు చేయాల్సి వచ్చింది. రిచ్చోలి, గ్రిమాల్ది అనే జెసూట్ గురువులు కూడా ఆ పరిశీలనల్లో పాలుపంచుకున్నారు. కొలతలన్నీ కెప్లర్ వైపే మొగ్గాయి.

కెప్లర్ లూథరన్, అంటే పోప్‌ను ఒప్పుకోని ప్రొటెస్టెంట్, మొదట మతబోధకుడు కావాలని చదివినవాడు. అతని పుస్తకం ఒకటి 1619లో రోమ్ నిషేధ జాబితాకెక్కింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న వాదాన్ని సమర్థించినందుకు 1633లో గెలీలియోకు చర్చి శిక్ష వేసింది. ఆ తర్వాత 22 ఏళ్లకు, పోప్ ఏలే ఊళ్లో, చర్చి నేల మీదే కెప్లర్ లెక్క నిలబడింది. అయితే దీంతో భూమి తిరుగుతోందని రుజువు కాలేదు. సూర్యుడే తిరుగుతున్నాడనుకున్నా ఈ కొలతలు ఇలాగే వస్తాయి. గురువులు నిషేధం గీత దాటకుండానే కొలవగలిగింది అందుకే. గెలీలియోకు జరిగింది అన్యాయమే, బొలోన్యాతో అది చెరిగిపోదు. అలాగని గెలీలియో పాఠంతోనే ఆపేస్తే, చర్చి తన పండుగ కోసం తన కట్టడాలను ఖగోళ పరికరాలుగా మార్చనిచ్చిన సంగతి పిల్లలకు ఎప్పటికీ తెలియదు.

సభల్లో వినిపించే రెండో మాట కూడా నిలవదు. 19 ఏళ్ల చక్రం క్రైస్తవానికి ముందునుంచే ఉంది. పండుగ తేదీ కోసం ఆకాశాన్ని కొలవడం ఒక మతం సొత్తూ కాదు. ఒడిశా ఖండపడా సంస్థానంలో పఠాణి సామంత (1835-1904) వెదురుతో, కర్రతో చేసిన పరికరాలతో, దూరదర్శిని లేకుండా గ్రహాలను కొలిచి పాత పంచాంగపు తప్పులు దిద్దాడు. పూరీ గుడి వేడుకల తేదీలకు అతని లెక్క ప్రమాణమైంది. అతని గ్రంథం అచ్చులోకి వచ్చింది 1899లో, జీవితం చివర్లో. బొలోన్యాలో విశ్వవిద్యాలయం, అచ్చు యంత్రం, ఊరూరా జెసూట్ కళాశాలలు ఉన్నాయి. ఒకరి కొలతను ఇంకొకరు వెంటనే తప్పుపట్టగలిగారు. యూరప్‌కు కలిసొచ్చింది ఆ ఏర్పాటే అని నా అభిప్రాయం. అందులో చాలా భాగాన్ని చర్చి డబ్బే నడిపింది.

మధ్యాహ్న రేఖను పర్లాకిమిడిలోనూ వేసుకోవచ్చు. పెంకుటింట్లో ఒక పెంకు తీసి, 3 మిల్లీమీటర్ల చిల్లున్న పల్చటి రేకును నేలకు సరిగ్గా 3 మీటర్ల ఎత్తున మట్టంగా బిగించాలి. శ్లాబు అయితే చిన్న చిల్లు చాలదు, మందం ఏటవాలు కిరణాన్ని ఆపేస్తుంది. పాతిక సెంటీమీటర్ల కన్నం చేసి రేకు పైన పెట్టాలి. చిల్లు కింది బిందువును మేస్త్రీ గుండు దారంతో, నేల మట్టాన్ని నీటి ట్యూబుతో చూసుకోవాలి. దిక్సూచిని నమ్మొద్దు, శ్లాబులోని ఇనుప చువ్వలు దాన్ని తిప్పేస్తాయి. ఆ బిందువు చుట్టూ వృత్తం గీసి, బిళ్ల పొద్దున ఒకసారి, మధ్యాహ్నం దాటాక ఒకసారి దాన్ని తాకే చోట్లు గుర్తు పెట్టి కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. దానికి లంబమే మన రేఖ. డిసెంబర్ చివర్లో చేస్తే మంచిది, ఒక్కరోజులో సూర్యుడి దారి మారదు.

గడియారం 12 కొట్టాక చూద్దామంటే తప్పిపోతుంది. అక్కడ అసలు మధ్యాహ్నం నవంబర్ మొదట్లో 11:37కే అవుతుంది, ఫిబ్రవరి మధ్యలో 12:08కి. మహారాష్ట్ర అంచున సిరొంచలో దీనికి 16 నిమిషాలు కలుపుకోవాలి. పర్లాకిమిడి అక్షాంశానికి బిళ్ల డిసెంబర్ అయనాంతంలో (పగలు అన్నిటికన్నా చిన్నదయ్యే రోజున) బిందువుకు ఉత్తరాన 272 సెంటీమీటర్ల దగ్గర, విషువత్తుకు 102 దగ్గర పడుతుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు కనుక బిళ్ల బిందువుకు దక్షిణాన 24 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది, మబ్బు లేకపోతే.

ఈ రేఖతో కెప్లర్‌ను పరీక్షించలేం. బిళ్ల మూడు సెంటీమీటర్లే, అందులో 3.4 శాతం ఒక మిల్లీమీటర్, అది అంచు మసకలో కలిసిపోతుంది. విషువత్తును మాత్రం పట్టుకోవచ్చు. మార్చిలో బిళ్ల రోజుకు 23 మిల్లీమీటర్లు జరుగుతుంది. బిళ్ల రెండంచులూ గుర్తు పెట్టి మధ్య బిందువు తీయాలి. 2027 మార్చి 20న ఆ గుర్తు 102 సెంటీమీటర్ల చోటుకు 13 మిల్లీమీటర్లు ఉత్తరాన, 21న 10 మిల్లీమీటర్లు దక్షిణాన పడాలి. ఆ నిష్పత్తిలో ఒక రోజును పంచితే విషువత్తు 20వ తేదీ అర్ధరాత్రి దాటాక రెండు గంటల ప్రాంతానికి, అంటే 21 తెల్లవారకముందే, తేలుతుంది. మరుసటి రోజు, 22నే పౌర్ణమి. ఆ వారం చివరి ఆదివారం ఈస్టర్.