అనంతపురం నుంచి అమెరికా టైముకు: విదేశీ ఫోన్ కంపెనీల కాల్‌సెంటర్ ఉద్యోగాల వెనుక కథ

అనంతపురంలో మా ఒక్క వీధిలోనే ముగ్గురు పిల్లలు పగలు నిద్రపోతారు. రాత్రి ఏడు దాటితే హెడ్‌సెట్ పెట్టుకుని, అమెరికాలో ఫోన్ బిల్లు అర్థంకాని ఎవరికో సర్దిచెబుతుంటారు. "ఇంట్లో కూర్చుని చేసేదానికి కష్టమేముంది?" అంటారు చుట్టుపక్కలవాళ్లు. బెంగళూరులో నాలుగేళ్లు అదే పని చేసినవాణ్ని కాబట్టి, అది మా వీధిదాకా ఎలా వచ్చిందో చెప్పాలనిపించింది.

ఈ పని మన దేశానికి రావడానికి జీతాల తేడా ఒక్కటే కారణం కాదు. 1999 నాటి కొత్త టెలికాం విధానం కాల్‌సెంటర్లకు దారి తెరిచింది. 2002 ఏప్రిల్‌లో అంతర్జాతీయ కాల్స్ మీద వీఎస్‌ఎన్‌ఎల్ అనే టెలికాం సంస్థ గుత్తాధిపత్యం పోయి, లైను ఖర్చు తగ్గింది. 2003లో బ్రిటన్‌కు చెందిన ఫోన్ కంపెనీ బీటీ బెంగళూరు, ఢిల్లీల్లో కాల్‌సెంటర్లు పెడతామనగానే ఆ దేశపు కార్మిక సంఘం గులాబీ రంగు ఏనుగు బొమ్మతో నిరసన ప్రచారం చేసింది. ఉద్యోగాలు పోతాయన్న వాళ్ల భయం న్యాయమైనదే. కానీ ఆ కోపం వచ్చి పడింది మాత్రం ఇక్కడి పిల్లల చెవుల్లో. "ఫోన్ మా దేశంవాళ్లకు కలుపు" అన్న మాట నేను వినని షిఫ్టు లేదు.

మా జిల్లా సంగతి వేరే చెప్పాలా? వాన లేదు, వేరుశనగ చేతికి రాదు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక రైతుల ఇళ్లలోనూ బీటెక్‌లు అయ్యాయి, అంతమందికి ఉద్యోగాలు మాత్రం ఇక్కడ రాలేదు. కర్నూలు పిల్లలు హైదరాబాద్ బస్సెక్కారు, మేము బెంగళూరు బస్సెక్కాం. ఏదైనా 200 కిలోమీటర్ల పైచిలుకే. సాఫ్ట్‌వేర్ దొరికేలోపు అనుకుంటూ 'వాయిస్ ప్రాసెస్'లో, అంటే ఫోన్‌లో మాట్లాడే పనిలో చేరేవాళ్లం.

మొదటి నెలంతా గొంతు మార్చుకోవడమే. 'జీరో'లో మొదటి అక్షరం నా నోట సరిగా పలికేది కాదు. మా కాల్స్ వచ్చే బ్రిటన్‌లో సున్నా లేని ఫోన్ నంబరు ఉండదు కదా, రోజంతా అదే చదివించేవారు. ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షనే లేని నేను, రూటర్‌లో ఏ లైటు వెలగాలో ఇంకొకరికి చెప్పేవాణ్ని. మార్చి ఆఖరి ఆదివారం బ్రిటన్‌లో గడియారం గంట ముందుకు తిప్పితే, మాకు క్యాబ్ గంట ముందే వచ్చేది.

ఒక కాల్ ఇప్పటికీ మరిచిపోలేను. బ్రిటన్‌లో ఒక పెద్దావిడ. భర్త పోయాడు, లైను తన పేరుకు మార్చమంది. స్క్రిప్టు ప్రకారం ఖాతాదారుతోనే మాట్లాడాలి. "ఆయన లేడు బాబూ" అని ఆమె మళ్లీ మళ్లీ చెబుతోంది. మ్యూట్ నొక్కి టీఎల్‌ను, అంటే మా టీమ్ లీడర్‌ను పిలిచాను. ఆయన వచ్చేలోపు ఆమె ఏడుపు వింటూ కూర్చున్నాను. పని పూర్తయ్యేసరికి 19 నిమిషాలు. కాల్‌కు పెట్టిన టైము దాటిందని ఆ వారం నా స్కోరు తగ్గించారు. అది తప్పని అప్పుడు అనలేకపోయాను, ఇప్పుడు అంటున్నాను.

2005 డిసెంబరులో బెంగళూరులో రాత్రి షిఫ్టుకు బయల్దేరిన ఒక ఉద్యోగిని క్యాబ్ నడిపిన వ్యక్తి చేతిలో హత్యకు గురైంది. ఆ తర్వాతే ఆడపిల్లల క్యాబుల్లో గార్డులు వచ్చారు, ఆడపిల్లను మొదట ఎక్కించుకోకూడదు, చివర దింపకూడదు అన్న నియమాలు వచ్చాయి. ఒక ప్రాణం పోతేగానీ ఆ మాత్రం జాగ్రత్త రాలేదు.

తర్వాత వాయిస్ పని చాలావరకు ఫిలిప్పీన్స్‌కు పోయింది. చిన్న ఊళ్లకు ఈ ఉద్యోగాలు తేవాలని కేంద్రం 48,300 సీట్లతో బీపీఓ (బయటి కంపెనీల పని చేసిపెట్టే సంస్థలు) ప్రోత్సాహక పథకం పెట్టింది. కానీ అసలు మార్పు కోవిడ్‌తో వచ్చింది. అంతకుముందు ఇంటి నుంచి కాల్స్ తీసుకోవాలంటే కంపెనీలకు రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీ లాంటి షరతులు ఉండేవి. 2020 నవంబరులో టెలికాం శాఖ వాటిని ఎత్తేసింది.

అలా ఉద్యోగం ఇంటికొచ్చింది. పీజీ హాస్టల్ అద్దె మిగిలింది, అమ్మ చేతి అన్నం దొరికింది. కాదనను. కానీ ఆఫీసులో ఉన్న జనరేటర్, క్యాంటీన్, కోపిష్టి కాల్ తర్వాత భుజం తట్టే పక్క సీటు స్నేహితుడు, ఇవేవీ ఇంటికి రాలేదు. కాల్‌లో కుక్కర్ విజిల్ వినిపిస్తే మార్కులు పోతాయని మా పక్కింటివాళ్లు వంట సాయంత్రమే ముగిస్తారు. ఆ ఇంటి అమ్మాయి లాగౌట్ అయ్యేసరికి పాలవాడు వస్తాడు. వాళ్లమ్మ ఆ పాలతో టీ పెట్టిచ్చి, కూతురు పడుకోగానే వెలుతురు రాకుండా కిటికీకి దుప్పటి కడుతుంది.