అంబ్రెల్లా పెద్దదైతే చాలా? ఫ్లాష్ వాడేవాళ్ల అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ముహూర్తాలు మొదలైతే కొత్తగా ఫ్లాష్ కొన్న తమ్ముళ్లు అడిగేది ఒకటే: "అన్నా, నీడలు గట్టిగా పడుతున్నాయి. 60 ఇంచీల అంబ్రెల్లా కొనేయమంటావా?" ఆగండి. అంబ్రెల్లా అంటే ఫ్లాష్ వెలుగును పరిచే గొడుగు. ముందు చేతిలో ఉన్న 43 ఇంచీలదాన్ని మనిషికి దగ్గరగా జరపండి.

అపోహ: సైజు పెరిగితే లైటు సాఫ్ట్ అవుతుంది, అంటే నీడల అంచులు మెత్తబడతాయి.

వాస్తవం: పెళ్లికూతురు నిలబడ్డ చోటి నుంచి అంబ్రెల్లా ఎంత పెద్దగా కనబడితే లైటు అంత సాఫ్ట్. 4 అడుగుల్లో పెట్టిన 43 ఇంచీలది, 12 అడుగుల్లో ఉన్న 60 ఇంచీలదానికి రెండింతలు పెద్దగా కనబడుతుంది. పైగా 4 అడుగుల నుంచి 8కి జరిపితే 2 స్టాపులు పోతాయి, అంటే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. 1/16 పవర్‌లో కొట్టే ఫ్లాష్‌ను 1/4కి పెంచాలి. బ్యాటరీలు దిగిపోతాయి, రీసైకిల్ (ఫ్లాష్ మళ్లీ సిద్ధమవడం) నెమ్మదిస్తుంది, సరిగ్గా తలంబ్రాల మధ్యలో ఫ్లాష్ వెలగదు.

పెద్దది కొన్నవాళ్లు కూడా ఫ్లాష్ జూమ్‌ను వెలుగు సన్నగా పడే 105లోనే వదిలేస్తున్నారు. నడుమ వెలుగు, అంచులన్నీ చీకటి. పెట్టిన డబ్బంతా ఆ అంచుల్లోనే పోతుంది! జూమ్‌ను వెలుగు వెడల్పుగా పడే 24కి తెచ్చి, ఫ్లాష్‌కు అంబ్రెల్లా దూరమయ్యేలా కడ్డీని బ్రాకెట్‌లో బయటికి లాగండి. పవర్ తగ్గించి, లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్/16లో అంబ్రెల్లానే ఒక ఫొటో తీయండి. బట్ట ఎంతమేర వెలిగిందో తెలిసిపోతుంది.

60 ఇంచీలది నిజంగా పనికొచ్చేది గ్రూపు ఫొటోలకి. పదిమంది వరుసలో లైటు ఒక పక్క దగ్గరగా పెడితే ఈ చివర మేనమామ తెల్లగా, ఆ చివర అత్తమ్మ చీకట్లో. కెమెరా పక్కనే, తలలకంటే ఎత్తులో, 12 అడుగులు వెనక్కి పెట్టండి.

జరీ మెరవాలంటే లోపల సిల్వర్ ఉన్న అంబ్రెల్లానే కావాలంటారు. మే నెల మండపంలో చెమట పట్టిన నుదురు కూడా మెరుస్తుంది. లోపల తెలుపే మేలు.

షూట్-త్రూ, అంటే తెల్ల బట్టలోంచి వెలుగు మనిషి మీదికి వెళ్లే అంబ్రెల్లా, వెనక్కి కూడా వెలుగు చిమ్ముతుంది. గోడలకు పచ్చరంగు ఉంటే అది ఒక చెంప మీదికొస్తుంది, కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌తో పోదు. అందుకే నల్ల కవర్ ఊడదీసే తెల్ల అంబ్రెల్లా తీసుకోండి. రంగు గోడల మధ్య కవర్‌తో వాడుకోవచ్చు. ముఖానికి బాగా దగ్గరగా కావాలంటే కవర్ తీసి షూట్-త్రూగా తిప్పండి, కడ్డీ కొస మనిషివైపు రాదు. మొదటి ఆర్డర్ పట్టుకుని కంగారుపడే తమ్ముడికి ఇదొక్కటి చాలు, అప్పుచేసి ఇంకోటి కొనక్కర్లేదు.

చంద్రగిరి వైపు ఆరుబయట ప్రీ-వెడ్డింగ్ అయితే స్టాండుకు ఇసుక సంచి కట్టాల్సిందే. గాలి లేస్తే అంబ్రెల్లా మూసేయండి. స్టాండు పడితే ముందు విరిగేది ఫ్లాష్ అడుగున ఉండే కాలే.